గృహహింసకు గురయ్యే పురుషులు: దాచిన గాయం మానదు



గృహహింస అనగానే మన కళ్ళ ముందు మెదిలేది దెబ్బలు తిన్న స్త్రీ. అది న్యాయమే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెళ్ళయిన ప్రతి 100 మంది స్త్రీలలో దాదాపు 29 మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నవారే. ఈ సంగతి మన పత్రికలో చాలాసార్లు రాశాము, ఇకముందు కూడా రాస్తాము.

అయితే డ్రెస్సింగు రూములో పనిచేసే మేము ఇంకొకరిని కూడా చూస్తుంటాము. ఇంట్లో దెబ్బ తిని, బయట "జారి పడ్డానమ్మా" అని చెప్పే మగవారు. వీరి సంఖ్య స్త్రీల కంటే తక్కువే. కానీ సంఖ్య తక్కువైనంత మాత్రాన నొప్పి తక్కువ కాదు. వీరు ఎవరికీ చెప్పుకోరు, ఆలస్యంగా వస్తారు. అందువల్ల చిన్న గాయం పెద్దదవుతుంది. ఈ నెల వారి గురించి, వారి కుటుంబముల గురించి తెలుసుకుందాము.

ఎవరు వీరు?

"పెళ్ళాం చేతిలో దెబ్బలు తినే మొగుడు" అంటే మనకు వారపత్రికల్లో అప్పడాలకర్ర కార్టూన్లు గుర్తుకొస్తాయి. సినిమాల్లో కూడా అది నవ్వించే సన్నివేశమే. నిజ జీవితములో అది నవ్వు పుట్టించేది కాదు. పైగా మగవారిని ఇంట్లో కొట్టేది భార్య ఒక్కరే కాదు. మేము చూసేవారిలో ముఖ్యంగా మూడు రకాలవారు ఉంటారు.

1. వృద్ధులైన తండ్రులు. త్రాగుడుకు డబ్బులు ఇవ్వలేదని కొట్టే కొడుకు, పొలం రాసివ్వలేదని అన్నం పెట్టని పిల్లలు, పింఛను డబ్బులు తీసుకొని మందులు కొనని వారు. మా వార్డులో ఎక్కువగా కనిపించేది వీరే.

2. భార్య చేతిలో హింసకు గురయ్యే భర్తలు. ఉద్యోగం పోయినవారు, జబ్బుపడి మంచానబడినవారు, అంగవైకల్యము గలవారు, పిల్లలు కలగలేదని నిందపడేవారు వీరిలో ఉంటారు. ఏ లోటూ లేనివారు కూడా ఉంటారు.

3. ఆస్తి తగాదాలలో అన్నదమ్ముల చేతిలోనో, అత్తవారి తరఫు వారి చేతిలోనో దెబ్బలు తినేవారు.

హింస అంటే చేయి చేసుకోవడమొక్కటే కాదు. రోజూ పిల్లల ముందు అవమానించడం, అన్నం పెట్టకపోవడం, జీతం మొత్తం లాక్కొని బస్సు ఛార్జీకి కూడా ఇవ్వకపోవడం, సుగరు మాత్రలు దాచిపెట్టడం, కన్న తల్లిదండ్రులను చూడనివ్వకపోవడం, "చచ్చిపోతాను, నిన్ను జైల్లో పెట్టిస్తాను" అని మాటిమాటికీ బెదిరించడం కూడా హింసే. భార్య పదేపదే ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించడం భర్త పట్ల క్రూరత్వమేనని 2016లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. భార్యాభర్తల మధ్య మాటామాటా రావడం హింస కాదు. "త్రాగి వచ్చావేమి?" అని అడిగిన భార్య హింసించినట్లు కాదు. తనను కొడుతున్న భర్త చేయి విడిపించుకోవడానికి రక్కిన స్త్రీ దోషి కాదు. ఒకరు భయపడుతూ, ఒకరు భయపెడుతూ బ్రతికే ఇల్లు, ఆ భయం మళ్ళీ మళ్ళీ జరిగే ఇల్లు, అదీ గృహహింస ఉన్న ఇల్లు.

ఎందుకు చెప్పరు?

మొదటి కారణం సిగ్గు. మగపిల్లవాడు ఏడిస్తే చిన్నప్పుడే "ఆడపిల్లలా ఏడుస్తావేమిరా?" అంటాము. పెద్దయ్యాక "గాజులు తొడుక్కో" అంటాము. అలా పెరిగినవాడు నలభై ఏళ్ళ వయసులో "నా భార్య నన్ను కొడుతున్నది" అని ఎవరితో చెప్పగలడు? చెప్తే ఎదుటివారు ముందు నవ్వుతారు. ఆ నవ్వు దెబ్బకన్నా ఎక్కువ బాధిస్తుంది.

రెండవది, నమ్మరని భయం. "నువ్వే ఏదో చేసి ఉంటావు" అంటారని అనుకుంటారు.

మూడవది, పిల్లలు. తాను బయటకు పోతే పిల్లలు ఏమైపోతారో అని ఓర్చుకుంటారు.

నాల్గవది వృద్ధులలో ఎక్కువ. కన్నకొడుకు మీద చెప్పడానికి తండ్రికి నోరు రాదు. పళ్ళు ఊడేలా కొట్టినా "మా వాడు మంచివాడేనమ్మా, త్రాగినప్పుడే అట్లా" అంటారు. రేపు మంచినీళ్ళు ఇవ్వవలసింది ఆ కొడుకే కదా అన్న దిగులు కూడా ఉంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలు స్త్రీలనే అడుగుతారు. భర్త కొట్టకుండానే తామే ముందుగా భర్త మీద చేయి చేసుకున్నట్లు 2015-16 సర్వేలో నూటికి సుమారు నలుగురు స్త్రీలు చెప్పారు. నూటికి నలుగురు అంటే తక్కువగా కనబడవచ్చు. 200 కుటుంబములున్న సంఘములో అది 8 ఇళ్ళు.

గాయం ఏమి చెబుతుంది?

నోరు చెప్పనిది గాయం చెబుతుంది. జారి పడినవారికి సాధారణంగా అరచేతులకు, మోకాళ్ళకు, మోచేతులకు, గడ్డానికి దెబ్బలు తగులుతాయి. దెబ్బ పడకుండా చేయి అడ్డుపెట్టినవారికి ముంజేయి వెలుపలి వైపున కములుతుంది. చెవి వెనుక, మెడ మీద గోళ్ళ గాట్లు, భుజం మీద పళ్ళ గుర్తులు, వీపు మీద కర్ర చారలు జారిపడితే రావు. కొన్ని గాయాలు పచ్చిగా, కొన్ని మానుతూ, కొన్ని మచ్చలుగా ఉంటే అవి ఒక్కరోజున తగిలినవి కావని తెలుస్తుంది.

వృద్ధులలో గుర్తులు వేరుగా ఉంటాయి. శుభ్రం చేయని పుండ్లు, వీపున పడక పుండ్లు, ఎండిపోయిన నాలుక, మందులు ఉన్నా అదుపులో లేని సుగరు. మేము ప్రశ్న అడిగితే తండ్రి కొడుకు ముఖం వైపు చూసి, కొడుకు చెప్పాకే తలూపడం ఇంకొక గుర్తు.

అందుకే ఇటువంటి గాయాలతో వచ్చినవారిని, ఆడవారైనా మగవారైనా, వెంట వచ్చినవారిని కాసేపు బయట కూర్చోబెట్టి ఒంటరిగా మూడు మాటలు అడుగుతాము. "ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా? ఎవరిని చూసైనా మీకు భయంగా ఉన్నదా? ఈరోజు ఇంటికి వెళ్తే మీకు క్షేమమేనా?" మేము ఇలా అడిగితే కోపగించుకోవద్దు. బయట కూర్చోమన్నందుకు బంధువులు కూడా నొచ్చుకోవద్దు. అందరినీ అడిగే ప్రశ్నలే ఇవి.

సిస్టర్లు మీ మాట వినగలరు గాని తీర్పు చెప్పరు. భార్య, భర్త ఇద్దరూ గాయాలతో వస్తే ఇద్దరికీ వైద్యం చేస్తాము, ఇద్దరినీ వేరువేరుగా అడుగుతాము, ఎవరు చెప్పినది వారి కేసు షీటులో రాస్తాము.

ఆలస్యం చేయకూడని గాయాలు

సిగ్గుతో ఇంట్లో దాచుకొని మూడు నాలుగు రోజుల తర్వాత వచ్చే గాయాలు ఇవే. దయచేసి గుర్తుంచుకోండి.

మనిషి కొరికిన గాయం: కుక్క కరిస్తే వెంటనే పరుగెత్తుకొస్తాము. మనిషి పళ్ళు గుచ్చుకుంటే పట్టించుకోము. మనిషి నోటిలో కూడా ఎన్నో సూక్ష్మక్రిములు ఉంటాయి. ముఖ్యంగా వేళ్ళ కణుపుల మీద పడిన గాటు కీలు లోపలికి చీము పట్టించి వేలు వంగకుండా చేయగలదు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో బాగా కడిగి అదే రోజున రండి. టి.టి. ఇంజెక్షను, యాంటీబయాటిక్ మందులు అవసరం కావచ్చు. సుగరు ఉన్నవారు ఒక్క పూట కూడా ఆగవద్దు.

వేడినీళ్ళు, నూనె, గంజి పడిన కాలిన గాయం: ఉంగరం, వాచీ, మొలత్రాడు తీసివేసి 20 నిమిషాలు చల్లని కుళాయి నీటి ధార క్రింద ఉంచండి. ఐసుముక్క, సిరా, పేస్టు, పసుపు, కోడిగుడ్డు సొన ఏదీ పూయవద్దు. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకొని రండి.

తలకు దెబ్బ: వాంతులు, మగత, మాట తడబడటం, ఒక చేయి బలహీనపడటం, భరించలేని తలనొప్పి కనబడితే ప్రమాదం. త్రాగి ఉన్నవాడు పడుకుంటే "మత్తులో ఉన్నాడులే" అని వదిలేస్తారు. ఆ మత్తు తల లోపల రక్తస్రావము కావచ్చు. వృద్ధులలో, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారిలో దెబ్బ తగిలిన కొన్ని వారాలకు కూడా లక్షణాలు బయటపడవచ్చు.

మెడ పిసకడం: పైకి గుర్తు లేకపోయినా గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, కళ్ళలో ఎర్రని చుక్కలు కనబడినా వెంటనే క్యాజువాలిటీకి రావాలి. కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరి అందక ప్రమాదం రావచ్చు.

వృషణాలకు తగిలిన దెబ్బ: చెప్పడానికి అన్నిటికంటే సిగ్గుపడేది ఇదే. వాపు, వాంతి, తగ్గని నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగవద్దు. గంటల ఆలస్యముతో వృషణమును తీసివేయవలసి రావచ్చు. సిస్టరుకు చెప్పడం కష్టమైతే "మగ డాక్టరుగారిని చూడాలి" అనండి చాలు, మేము ఇక ఏమీ అడగము.

మనసుకు తగిలే దెబ్బ

ఇంట్లో భయంతో బ్రతికే మగవాడు తరచుగా వేరే జబ్బు పేరుతో ఓ.పి.కి వస్తాడు. నిద్ర పట్టదు, గుండెదడ, ఛాతీ బరువు, కడుపులో మంట. ఇ.సి.జి. బాగానే ఉంటుంది. కొందరు త్రాగుడు మొదలుపెడతారు. కొందరు పని అయిపోయినా రాత్రి పది దాటేదాకా ఇంటికి పోకుండా బస్టాండులో కూర్చుంటారు.

వీటన్నిటికంటే భయపడవలసినది ఆత్మహత్య ఆలోచన. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో 1,22,724 మంది పురుషులు. వీరందరూ ఇంట్లో హింస వల్ల చనిపోయారని అర్థం కాదు. అప్పులు, జబ్బులు, త్రాగుడు ఎన్నో కారణాలున్నాయి. కానీ ఆ లెక్కల్లో కుటుంబ సమస్యలే అన్నిటికంటే పెద్ద కారణముగా నమోదయ్యాయి. మగవాడు చెప్పుకోకపోతే ఎంత దూరం పోతాడో ఈ అంకెలు చూపిస్తున్నాయి.

"నేను లేకపోతే అందరికీ పీడ విరగడవుతుంది" అన్న మాట మగవాడి నోట వస్తే తేలికగా తీసుకోవద్దు. అతనిని ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచవద్దు. 14416 అనేది ప్రభుత్వము నడిపే టెలి మానస్ ఉచిత ఫోను. పగలు రాత్రి ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంకొక సంగతి. ఎన్నడూ కోపం ఎరుగని స్త్రీ హఠాత్తుగా మారిపోయి, నిద్ర లేక, అందరినీ అనుమానించి కొట్టసాగితే అది జబ్బు కావచ్చు. ముఖ్యంగా కాన్పు తర్వాతి వారాలలో ఇలా జరిగితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకొని రండి. వృద్ధాప్యములో మతిమరపు జబ్బు వచ్చిన భార్య కూడా భర్తను గుర్తుపట్టక కొట్టవచ్చు. అక్కడ కావలసినది కేసు కాదు, వైద్యము.

చట్టం ఏమి చెబుతుంది?

2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. దాని క్రింద రక్షణ కోరగలిగేది స్త్రీలే. అందుచేత పురుషుడు ఆ చట్టం క్రింద అర్జీ పెట్టలేడు. అంతమాత్రాన మగవాడికి ఏ చట్టమూ లేదనుకోవద్దు.

- కొట్టడం ఎవరిని కొట్టినా నేరమే. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గాయపరచడానికి 115వ సెక్షను, ఆయుధముతో గాని నిప్పుతో గాని మరిగే ద్రవముతో గాని గాయపరచడానికి 118వ సెక్షను ఉన్నాయి. బాధితుడు స్త్రీయా పురుషుడా అన్న భేదం వాటిలో లేదు. ప్రాణాపాయమైతే 112కు ఫోను చేయండి.

- వృద్ధులకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉన్నది. 60 ఏళ్ళు దాటినవారు పోషణ కోసం ఆర్.డి.ఓ. గారి వద్ద ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టవచ్చు. తాము వెళ్ళలేకపోతే వేరొకరి ద్వారా పంపవచ్చు. వృద్ధులను చూడవలసినవారు వారిని దిక్కు లేకుండా వదిలివేస్తే 3 నెలల జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకొని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని అడగవచ్చు. వృద్ధుల సహాయానికి ఫోను నంబరు 14567.

- క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టమును 2001లో సవరించారు. అంతకు ముందు భార్య క్రూరత్వము భర్తకు విడాకుల కారణము కాదు. ఇప్పుడు భార్యాభర్తలలో ఎవరైనా క్రూరత్వము కారణముగా చూపవచ్చు. విడాకులు కోరకుండా కోర్టు ద్వారా వేరుగా ఉండే మార్గము కూడా అందులో ఉన్నది. హిందూ వివాహ చట్టములో కూడా క్రూరత్వము ఇద్దరికీ వర్తించే కారణమే.

- లాయరు ఫీజు ఇవ్వలేనివారు కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగవచ్చు. ఎస్.సి., ఎస్.టి. వారికి, వికలాంగులకు, ఆదాయము తక్కువగా ఉన్నవారికి పురుషులైనా ఉచితముగా లాయరును ఇస్తారు. ఫోను 15100.

ఆసుపత్రి సంగతి కూడా చెప్పాలి. కొట్టిన గాయమని తేలితే డాక్టరుగారు ఎం.ఎల్.సి. రిజిస్టరులో రాసి పోలీసులకు తెలియపరుస్తారు. అది మా బాధ్యత. అయితే మేము తెలియపరచడం వేరు, మీరు ఫిర్యాదు చేయడం వేరు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీరు నిదానంగా ఆలోచించుకోవచ్చు. గాయాల వివరం మాత్రం రికార్డులో ఉంటుంది. రేపు మీకు అవసరమైతే అదే సాక్ష్యం. "జారి పడ్డాను" అని రాయించుకుంటే ఆ సాక్ష్యమును మీ చేతులతో మీరే చెరుపుకున్నట్లు అవుతుంది.

దెబ్బలు తింటున్న సోదరులకు

1. తిరిగి కొట్టవద్దు. బలమైన చేతి దెబ్బ ప్రాణం తీయగలదు. పిల్లలు చూస్తుంటారు. గొడవ మొదలైనప్పుడు వంటగదికి, రోకలి, కత్తిపీట ఉన్న చోటికి పోకుండా బయటి వాకిలి వైపు రండి.

2. నమ్మదగిన ఒక్కరికైనా చెప్పండి. అన్న కావచ్చు, స్నేహితుడు కావచ్చు, అయ్యగారు కావచ్చు, డ్రెస్సింగు రూము సిస్టరు కావచ్చు.

3. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్ల నకళ్ళు, మీ మందుల చీటీ తెలిసినవారి ఇంట ఒక కవరులో ఉంచండి.

4. గాయమైన రోజే చూపించుకోండి. తేదీ వేసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

5. పిల్లలను కూడా కొడుతున్నట్లయితే 1098కు ఫోను చేయండి. తండ్రి ఓర్పు పిల్లలకు కవచము కాదు.

సంఘమునకు మా మనవి

మన సంఘములలో దెబ్బలు తిన్న స్త్రీ వస్తే పాస్టరమ్మగారు, స్త్రీల సమాజము వారు చేరదీస్తారు. దెబ్బలు తిన్న పురుషుడు వస్తే ఎవరి దగ్గర కూర్చోవాలి? పురుషుల కూడికలో ఈ సంగతి ఒకసారైనా మాట్లాడండి. అతడు నోరు విప్పినప్పుడు నవ్వవద్దు. "భర్తవు కదా, అదుపులో పెట్టుకోలేవా?" అని అనవద్దు. ఆ మాట విని ఇంటికి వెళ్ళి చేయి చేసుకున్నవాడు ఇంకొక బాధితురాలిని తయారుచేస్తాడు. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేసే ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడండి. భార్య చెప్పేది కూడా పూర్తిగా వినండి. ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇంటికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు పొయ్యి వెలిగిందా, మందులున్నాయా అని కూడా చూడండి.

మంచి సమరయుడి కథ మనకందరికీ తెలుసు. యెరికో దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిని పడి ఉన్నది మగవాడే. చూసి ప్రక్కగా వెళ్ళిపోయినవారు ఇద్దరు. ఆగినవాడు "నీవు తిరిగి ఎందుకు కొట్టలేదు?" అని అడగలేదు. గాయాలు కట్టి, తన వాహనము మీద ఎక్కించుకొని, సత్రానికి చేర్చి ఖర్చు కూడా పెట్టుకున్నాడు. మన ఆసుపత్రులు ఆ కథను ఆచరణలో పెట్టడానికే పుట్టాయి.

మా డ్రెస్సింగు రూము తలుపు మీద ఆడవారికని, మగవారికని రాసి లేదు. మీరు చెప్పిన మాటలు వార్డులో గాని, గుడిలో గాని మా నోట రావు. ఈ సంచికను ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. చదవడం రాని ప్రక్కింటి తాతగారికి కూడా వినిపించండి. ఆయన మౌనంగా విని "మళ్ళీ ఒకసారి చదవమ్మా" అంటే, చదివాక ఆయనను ఆసుపత్రికి తీసుకొని రండి.

ప్రభువు మీ ఇళ్ళలో సమాధానము నిలుపును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సింగ్ సిబ్బంది